పాతకాలపు టెర్రకోట అమ్మవారి బొమ్మల నమోదు: దరఖాస్తు విధానం

నూరేళ్లకు పైబడిన టెర్రకోట, అంటే కాల్చిన మట్టి శిల్పం, అది అరచేతిలో ఇమిడే అమ్మతల్లి బొమ్మ అయినా సరే, ఎవరి దగ్గర ఉంటే వారు దాన్ని ప్రభుత్వం నియమించిన నమోదు అధికారి వద్ద నమోదు చేయించుకోవాలి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ఈ బాధ్యతను పెట్టింది. ఆ చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. రాతి, లోహ, దంత శిల్పాలతో పాటు కాల్చిన మట్టి శిల్పాలు కూడా నమోదు చేయవలసిన వాటి జాబితాలో ఉన్నాయి. ఈ సంగతి తెలియక చాలామంది పంచలోహ విగ్రహానికి మాత్రమే కాగితాలు కావాలనుకుని, మట్టి బొమ్మను షోకేసులో పెట్టుకుని ఊరుకుంటారు. చట్టం బొమ్మ ఖరీదును చూడదు, వయసును, అది దేనితో చేసినదన్న విషయాన్ని చూస్తుంది. సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టే మట్టి బొమ్మలు తాతల నాటివే అయినా నూరేళ్లు నిండకపోతే ఈ నిబంధన వాటికి వర్తించదు.

దరఖాస్తు పత్రం చేతిలోకి తీసుకునే ముందు బొమ్మ మీ దగ్గరికి ఎలా వచ్చిందో తేల్చుకోవాలి, ఎందుకంటే వెళ్లవలసిన కార్యాలయం దాన్ని బట్టే మారుతుంది. వారసత్వంగా వచ్చినా, కొన్నా, ఎవరైనా ఇచ్చినా నమోదు అధికారి దగ్గరికి వెళ్లాలి. భూమిలో దొరికితే మాత్రం కలెక్టరుకు తెలియజేయాలి.

రెండో సందర్భం మన ప్రాంతంలో అరుదేమీ కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్, పెద్దపల్లి ప్రాంతంలోని ధూళికట్ట, పెద్దబంకూరు, గోదావరి ఒడ్డున కోటిలింగాల వంటి శాతవాహనుల కాలపు ఊళ్ల చుట్టుపక్కల దుక్కి దున్నినప్పుడో, పునాది తీసినప్పుడో, వాన కురిసి మట్టి కొట్టుకుపోయినప్పుడో పెంకులతో పాటు చిన్న మట్టి తలలు, విరిగిన బొమ్మలు బయటపడే అవకాశం ఉంటుంది. నేలలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల ఏ వస్తువు గురించైనా దొరికినవారు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. దొరికినది ఏమిటి, ఎంత, దాని విలువ సుమారుగా ఎంత, ఏ చోట, ఏ తేదీన దొరికింది అన్న వివరాలు ఆ అర్జీలో ఉండాలి. వస్తువును దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి, లేదా అడిగినప్పుడు హాజరుపరుస్తామని హామీ ఇవ్వాలి. ఆ తర్వాత కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులెవరైనా ఉంటే వచ్చి చెప్పుకోవడానికి నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా ఒక తేదీ పెడతారు. ప్రభుత్వం ఆ వస్తువును తీసుకోదలిస్తే ఇచ్చే సొమ్ము అందులోని పదార్థం విలువ, దానిపై మరో ఐదో వంతు. బంగారు నాణేలను మనసులో పెట్టుకుని రాసిన ఈ లెక్క మట్టి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి కొంత నవ్వు తెప్పిస్తుంది గానీ, చెప్పకుండా దాచినవారికి ఏడాది వరకు జైలు పడవచ్చన్న నిబంధన మాత్రం నవ్వులాట కాదు. ఊరిలో ఉన్నవారు తహసీల్దారు కార్యాలయం ద్వారా ఈ అర్జీని పంపుకోవచ్చు, కానీ అది అందినట్టు రసీదు తప్పక తీసుకోవాలి. రక్షిత కట్టడాలు, దిబ్బలు ఉన్న స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడమే నేరం కనుక అక్కడ బొమ్మ కోసం వెతకడమన్న ప్రశ్నే రాదు.

ఇక అసలు నమోదు విషయానికి వస్తే, దరఖాస్తు ఫారం-7లో చేయాలి. వస్తువు మీ యాజమాన్యంలోకో, ఆధీనంలోకో వచ్చిన 15 రోజుల్లోపు నమోదు చేయించాలన్నది చట్టంలోని గడువు. తండ్రి పోయాక పెట్టెలో బొమ్మ కనిపించిన కుటుంబాలకు ఆ గడువు గుర్తుండదు. అలాంటప్పుడు ఆలస్యానికి కారణాన్ని ఒక పేజీలో నిజాయతీగా రాసి దరఖాస్తుకు జతచేయడం, నోటీసు వచ్చేదాకా ఆగడం కంటే ఎంతో నయం. నమోదు అధికారి ఎక్కడ ఉన్నారో, ఫొటోలు ఏ సైజులో, ఎన్ని కాపీలు కావాలో హైదరాబాద్, అమరావతి సర్కిళ్లలోని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కార్యాలయాల్లో ముందుగా అడిగి తెలుసుకుంటే రెండోసారి తిరగవలసిన అవసరం ఉండదు.

దరఖాస్తులో యజమాని పేరు, చిరునామా, వస్తువు ప్రస్తుతం ఉన్న చోటు, అది ఎలా, ఎప్పుడు వచ్చింది అన్నవి రాయడం సులువే. అందరూ తడబడేది వర్ణన దగ్గర. ‘పాత అమ్మవారి బొమ్మ’ అని రాస్తే ఆ బొమ్మ పోయిన రోజున పోలీసులకు గానీ, కస్టమ్స్ వారికి గానీ ఆ మాటలు ఏ విధంగానూ ఉపయోగపడవు. ఎత్తు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో రాయాలి. మట్టి రంగు ఎరుపా, బూడిదా, తెలుపా అన్నది చెప్పాలి. కొండాపూర్ బొమ్మల్లో తెల్లని కయోలిన్ మట్టితో, రెండు అచ్చులను కలిపి లోపల డొల్లగా చేసినవి ప్రసిద్ధం. అలాంటి బొమ్మ అయితే అచ్చులు కలిసిన అతుకు గీత పక్కల్లో కనిపిస్తుందా, లోపల బోలుగా ఉందా, చేత్తో మలిచినదా అన్నది తప్పక రాయాలి. తలకట్టు, చెవి ఆభరణాలు, మొలనూలు, చేతుల భంగిమ వరుసగా చెప్పాలి. తల స్థానంలో పద్మం ఉండి, మోకాళ్లు మడిచి ఎడంగా పెట్టిన రూపమైతే అది సంతాన దేవతగా కొలిచే లజ్జాగౌరి కావచ్చు. ఒళ్లో బిడ్డ ఉంటే పిల్లలను కాచే బౌద్ధ దేవత హారీతి కావచ్చు. నిశ్చయంగా తెలియనప్పుడు దేవత పేరు ఊహించి రాయడం కంటే కనిపించేది కనిపించినట్టు రాయడమే మేలు. పగుళ్లు, విరిగిన వేలు, పెచ్చులూడిన చోటు, అతికించిన జాడ ఇవన్నీ లోపాలని దాచవద్దు, అచ్చుతో చేసిన రెండు బొమ్మల్లో ఏది మీదో తేల్చేవి అవే.

ఫొటోలు ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు భాగం, పక్కన స్కేలు పెట్టి పగటి వెలుగులో తీయాలి. ఫొటో కోసమని బొమ్మను నీళ్లతో కడగడం, చింతపండుతో రుద్దడం, నూనె రాయడం, వార్నిష్ వేయడం చేయకూడదు. సందుల్లో అంటుకుని ఉన్న మట్టి, అక్కడక్కడ మిగిలిన రంగు ఒకసారి పోతే తిరిగి రావు, పండితులు చూసేది వాటినే. నాలుగైదు బొమ్మలు ఉంటే ఒకే ఫొటోలో కలిపి తీయకుండా దేనికి దానికి వివరాలు, ఫొటోలు ఇవ్వాలి.

ఎలా వచ్చిందన్న గడికి రుజువు కావాలి. కొన్నదైతే రసీదు, అమ్మినవారికి పురావస్తువుల వ్యాపార లైసెన్సు ఉందన్న ఆధారం జతచేయాలి, ఎందుకంటే లైసెన్సు లేకుండా ఈ వ్యాపారం చేయడం చట్టవిరుద్ధం. వారసత్వమైతే వీలునామా, పంపకాల కాగితం, బొమ్మ కనిపించే పాత కుటుంబ ఫొటో, పెద్దల చేత రాయించిన వాంగ్మూలం పనికొస్తాయి. నమోదు చేయించడమన్నది దొంగతనంగా తవ్విన వస్తువును సక్రమం చేసే మార్గం కాదని ఇక్కడే గట్టిగా చెప్పుకోవాలి.

దరఖాస్తు అందాక అధికారి అవసరమనుకున్న విచారణ జరిపి, వస్తువును చూసి సర్టిఫికెట్ ఇస్తారు. మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా దరఖాస్తును తిరస్కరించకూడదని చట్టంలోనే ఉంది. అది పురావస్తువా కాదా అన్న వివాదం వస్తే తేల్చే అధికారం పురావస్తు సర్వేక్షణ సంస్థ డైరెక్టర్ జనరల్‌ది. నమోదయ్యాక బొమ్మను మరొకరికి అమ్మినా, ఇచ్చినా ఇచ్చినవారే ఆ సంగతి నమోదు అధికారికి తెలియజేయాలి, కూతురికి పెళ్లి కానుకగా ఇచ్చినా సరే. నమోదు చేయించకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు, వస్తువును జప్తు చేయవచ్చు.

సర్టిఫికెట్ ఉంది కదా అని పిల్లలున్న అమెరికాకో, ఆస్ట్రేలియాకో బొమ్మను తీసుకువెళ్లడానికి వీల్లేదు. పురావస్తువుల ఎగుమతి కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే చెల్లుతుంది. మిగతావారు చేస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. పాత నమూనా చూసి ఇటీవల చేసిన బొమ్మను తీసుకువెళ్లేవారు అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ కోసం సర్వేక్షణ సంస్థ నిపుణుల సంఘం ముందు వస్తువును చూపించి ముందే తీసుకోవాలి. విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి అనుమానం వచ్చాక ఆ పని మొదలుపెడితే ప్రయాణం ఆగిపోతుంది. చేయించిన కుమ్మరి దగ్గర రసీదు తీసుకుంటే ఈ దశలో చాలా ఉపయోగపడుతుంది.

ఇంట్లో ఉంచుకోవడం ఇష్టం లేనివారు ప్రభుత్వ మ్యూజియానికి ఇవ్వవచ్చు. ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న వస్తువులకు ఈ నమోదు నిబంధన వర్తించదు. ఇచ్చేటప్పుడు బొమ్మతో పాటు అది ఏ ఊరిలో, ఏ పొలంలో, ఎంత లోతున దొరికిందని ఇంట్లో పెద్దలు చెప్పేవారో కూడా కాగితం మీద రాసి, సంతకం చేసి అప్పగించండి.