పాత ట్రాక్టర్ ఇంజెక్టర్లు విప్పి పరీక్షించడం ఎలా?

పొగ కాస్త నల్లబడితే చాలు, "నాజిళ్లు పోయాయి" అని తేల్చేస్తారు ఊళ్లో. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కొస భాగాలే ఈ నాజిళ్లు. నల్ల పొగ వస్తే ముందుగా అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్‌ని. మాసీ ఫెర్గూసన్ 1035 లాంటి పాత మూడు సిలిండర్ల బండ్లకు అడుగున ఆయిల్ గిన్నె ఉండే ఫిల్టర్ ఉంటుంది. ఎండాకాలం దుక్కులు అయ్యేసరికి ఆ గిన్నెలో ఆయిల్ బదులు నల్లటి ముద్ద మిగులుతుంది. దాన్ని కడిగి, గీత వరకు ఆయిల్ పోసి, డీజిల్ ఫిల్టర్లు మార్చి చూడండి. అయినా పొగ తగ్గకపోయినా, ఒక సిలిండర్ మిస్ అవుతున్నా, లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం వస్తున్నా అప్పుడు ఇంజెక్టర్ల జోలికి వెళ్లండి.

చెడింది ఏదో ముందు పట్టుకోండి

ఇంజిన్‌ని నెమ్మదిగా తిరగనిచ్చి, ఒక్కో ఇంజెక్టర్ దగ్గర డీజిల్ పైపు నట్టును అర చుట్టు వదులు చేయండి. ఆ సిలిండర్ బాగా పనిచేస్తుంటే ఇంజిన్ శబ్దం వెంటనే మారుతుంది, బండి తడబడుతుంది. నట్టు వదులు చేసినా ఇంజిన్ నడకలో తేడా రాకపోతే మీరు వెతుకుతున్నది ఆ సిలిండరే. అయితే తప్పు కంప్రెషన్‌ది (సిలిండర్‌లో గాలి అణిగే ఒత్తిడి), వాల్వులది కూడా కావచ్చు. అందుకే ఆ ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్‌లోకి మార్చి మళ్లీ చూడటం మేలు. మిస్ దాని వెంటే వెళ్తే దోషం ఇంజెక్టర్‌దే.

కళ్లద్దాలు పెట్టుకోండి, వేళ్లు దూరంగా ఉంచండి. పైపుల మీద అరిగిపోయిన పానా వాడకండి. పాత బండ్లలో కొన్నిటికి మిల్లీమీటర్ నట్లు, కొన్నిటికి అంగుళాల నట్లు ఉంటాయి. దాదాపుగా సరిపోయే పానాతో బలవంతం చేస్తే మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ పానాకూ పట్టు దొరకదు.

విప్పడం

ముందురోజు సాయంత్రమే ఇంజెక్టర్ల చుట్టూ మట్టి గీకి, బ్రష్‌తో డీజిల్ పట్టించి, వాటిని బిగించే పిన్నుల మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ పోసి వదిలేయండి. తెల్లారి గాలి కొట్టి శుభ్రం చేయండి. మట్టి పెళ్ల ఒకటి సిలిండర్‌లో పడిందంటే మీ పని రెట్టింపవుతుంది.

పైపులను రెండు చివర్లా విప్పి, పూర్తిగా పక్కన పెట్టండి. వంచి దారి చేసుకోవద్దు. ఏది ఏ సిలిండర్‌దో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, పంపు మూతులనూ ఇంజెక్టర్ మూతులనూ శుభ్రమైన ప్లాస్టిక్ మూతలతో కప్పేయండి. మిగిలిన డీజిల్‌ని వెనక్కి తీసుకెళ్లే రిటర్న్ పైపు విప్పాక, ఇంజెక్టర్‌ని అదిమి ఉంచే పట్టీ రెండు నట్లనూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి వదులు చేయండి. ఇంజెక్టర్ కదలకపోతే అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. పక్కనుంచి గునపం పెట్టి ఎత్తొద్దు, పట్టీ వంగుతుంది.

ఇక రాగి వాషర్. ఇంజెక్టర్ బయటికి వచ్చినా అది గుంత అడుగునే అతుక్కుపోతుంది. ఒకసారి నేను పాతదాన్ని చూడకుండా దాని మీదే కొత్తది వేసేశాను. నాజిల్ మొన ఆ మేరకు పైన ఆగిపోయి, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయించిన బండి, తెల్ల పొగ పోసి నన్ను రెండు రోజులు తిప్పించింది. టార్చి లైటు వేసి అడుగు చూడండి, పాత వాషర్‌ని వంచిన తీగతో పైకి లాగండి.

పరీక్ష

అసలు పరీక్షకు పంపు మెకానిక్ దగ్గర ఉండే చేతి పంపు టెస్టర్ కావాలి. ఇలాంటి పాత ఇంజిన్ల ఇంజెక్టర్లు సాధారణంగా 170 నుంచి 250 బార్ మధ్య తెరుచుకుంటాయి, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ట్రాక్టర్ పెద్ద టైరులో గాలి ఒత్తిడి ఒక బార్‌కి అటూ ఇటూ మాత్రమే, ఇది ఎంతో ఊహించుకోండి. ఆ ధార చర్మంలోకి దూరితే పైకి చీమ కుట్టినంత గాయమే కనబడుతుంది, లోపల మాత్రం కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి దూరిందని చెప్పండి.

మెకానిక్ పక్కన నిలబడి నాలుగు విషయాలు చూడండి. టెస్టర్ గేజి ముల్లు ఏ ఒత్తిడి చూపినప్పుడు ఇంజెక్టర్ తెరుచుకుంది? అన్ని ఇంజెక్టర్లూ దాదాపు ఒకే అంకె దగ్గర తెరుచుకున్నాయా? ధార సన్నటి పొగమంచులా విడిపోయిందా, దారపు పోగులా వచ్చిందా? నాలుగు రంధ్రాల నాజిలైతే నాలుగు వైపులా సమానంగా రావాలి. చివరగా, తెరుచుకునే ఒత్తిడికి ఓ 10 బార్ తక్కువలో పది సెకన్లు ఆపి చూడమనండి, మొన మీద బొట్టు జారకూడదు. మంచి నాజిల్ కొట్టేటప్పుడు కిర్రుకిర్రుమంటుంది, అలవాటైన చెవికి అదే సగం జవాబు.

నాజిల్ విప్పి ఉన్నప్పుడు ఇంటి దగ్గర చేసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉంది. శుభ్రమైన డీజిల్‌లో ముంచిన నాజిల్‌ను వాలుగా పట్టుకుని, దాని లోపలి సూదిని మూడోవంతు బయటికి లాగి వదిలేయండి. తన బరువుతోనే నెమ్మదిగా లోపలికి జారాలి. మధ్యలో ఆగితే జిగురో, గీతో ఉన్నట్టే. సూదికీ నాజిల్‌కీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతులు) ఉంటుంది కాబట్టి ఒకదాని సూదిని మరోదానిలో వేయకండి. మొనకు ఇనుప బ్రష్ తగలనివ్వొద్దు, ఇత్తడి బ్రష్‌తో సరిపెట్టుకోండి.

తిరిగి బిగించడం

ఒక్కోదానికి ఒకే ఒక్క కొత్త రాగి వాషర్ వేయండి. పట్టీ నట్లు రెండింటినీ సమానంగా, మాన్యువల్ చెప్పిన మేరకే బిగించండి. "గట్టిగా ఉంటే మంచిదే" అనుకుని మీద పడితే నాజిల్ ఒంటి మీదే ఒత్తిడి పడి సూది పట్టేస్తుంది. పైపు నట్లను ముందు చేత్తో తిప్పి, మరలు సరిగా కూర్చున్నాకే పానా పెట్టండి.

తరవాత డీజిల్ దారిలో చేరిన గాలి తీయాలి. ముందు ఫిల్టర్ దగ్గర, తరవాత పంపు దగ్గర, చేతి ప్రైమర్ (డీజిల్‌ని ముందుకు నెట్టే చిన్న పంపు) నొక్కుతూ బుడగలు ఆగేదాకా. చివరికి ఇంజెక్టర్ల దగ్గర నట్లు వదులుగా ఉంచి సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే బిగించేయండి. బండి స్టార్టయ్యాక ఒక్కో ఇంజెక్టర్ అడుగున బొట్టు డీజిల్ వేసి చూడండి. బుడగలు లేస్తే కంప్రెషన్ అక్కడినుంచే కారుతోంది. ఇంజిన్ ఆపి, దాన్ని విప్పి, వాషర్ కింద ఏం చిక్కుకుందో చూసి మళ్లీ బిగించాలి.