మొదటి గ్రేడు కాంటెంపరరీ డాన్స్ – ఐదో పాఠం: వంగడం కాదు, చుట్టుకోవడం

ఈ పాఠంలో స్వింగ్, అంటే చేతిని వదిలేసి ఊగనివ్వడం, మొదలెడదామనుకున్నాను. పూర్తిగా కుదిరేలా లేదు. నాలుగో పాఠంలో చెప్పిన రోల్ డౌన్ (నిలబడి తల నుంచి మొదలుపెట్టి వెన్నుని కొద్దికొద్దిగా కిందికి దించి, మళ్లీ లేవడం) చేసి మీరు పంపిన వీడియోలన్నీ కూర్చుని చూశాను. ఎక్కువమంది స్కూల్లో డ్రిల్లు పీరియడ్‌లో కాలి వేళ్లు ముట్టుకున్నట్టు ఒక్కసారిగా మడతపడ్డారు. చేతులు నేలకి ఆనించి, ‘అయిపోయింది మేడమ్’ అన్నట్టు కెమెరా వైపు చూశారు. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ, ‘మా పాపకి అరచేతులు మొత్తం నేలకి ఆనుతున్నాయండీ, ఇంకేం చేయించాలి?’ అని అడిగారు. ఇంకో అబ్బాయికి తొడ వెనక పట్టేసి రెండు రోజులు మెట్లు దిగలేకపోయాడట.

తప్పులో సగం నాదే. ‘నెమ్మదిగా కిందికి వంగండి’ అని రాశాను. వంగడం అంటే మనకి తెలిసింది ముగ్గేయడానికి వంగడం, పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టడానికి వంగడం. అక్కడ మడత తుంటి దగ్గర పడుతుంది, వీపు మాత్రం పలకలా ఉంటుంది. అలాంటిది కూడా మన సిలబస్‌లో వస్తుంది, దాన్ని ఫ్లాట్ బ్యాక్ అంటారు. కానీ అది వేరు. మీ నోటుబుక్కులో ‘వంగండి’ కొట్టేసి ‘చుట్టుకోండి’ అని రాసుకోండి.

చాప చుట్టడం చూశారుగా. మధ్యలో పట్టుకుని విరవం. ఒక అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టిన దాని మీదే మళ్లీ చుట్టుకుంటూ పోతాం. ఇక్కడ ఆ అంచు మీ తల. మెడలో 7 వెన్నుపూసలు, ఛాతీ వెనక 12, నడుములో 5, మొత్తం 24. వాటిని ఒకదాని తర్వాత ఒకటి వదలాలి. 8 కౌంట్లలో చేసేటప్పుడు నేను ఇలా పంచుకుంటాను: మొదటి 2 కౌంట్లు తలకీ మెడకీ, తర్వాతి 3 ఛాతీ వెనక భాగానికి, చివరి 3 నడుముకి. రెండో కౌంట్ అయ్యేసరికి మిమ్మల్ని పక్క నుంచి చూస్తే భుజాలు ఇంకా నిలువుగానే ఉండాలి, తల ఒక్కటే వేలాడాలి. వీడియోల్లో చాలామందికి రెండో కౌంట్‌కే చేతులు మోకాళ్లు దాటిపోయాయి.

తలని మీరు దించక్కర్లేదు. పెద్దవాళ్ల తల నాలుగైదు కిలోలుంటుంది, దాని బరువుకి అదే పోతుంది. మీ పని దాన్ని ఆపకుండా ఉండటమే. దిగుతున్నంతసేపూ ఊపిరి వదులుతూ ఉండండి. మోకాళ్లు బిగించొద్దు, కాస్త సడలించండి. ఆ అబ్బాయికి పట్టేసింది మోకాళ్లు కర్రల్లా పెట్టి కిందికి లాగినందుకే. వేళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయా? ఆగనివ్వండి. గ్రేడు పరీక్షలో ఎగ్జామినర్ చూసేది మీ వీపుని, మీ వేళ్లని కాదు. డిస్కు సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఇది చేయకండి.

ఎక్కడ తప్పుతున్నారో తెలియాలంటే గోడ కావాలి. మడమలు గోడకి జానెడు దూరంలో పెట్టి వీపు ఆనించి నిలబడండి. తల గోడని వదలాలి, తర్వాత మెడ, తర్వాత భుజాలు, ఆ తర్వాత వీపు, ఒక్కొక్కటే. గోడకంటించిన పోస్టరు పైనుంచి ఊడొచ్చినట్టు. వీపు మొత్తం ఒకేసారి ఊడిందంటే మీరు మళ్లీ వంగారన్నమాట.

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించే సంగతి. లేచేటప్పుడు తల ముందు లేస్తోంది. చాపని ఏ అంచు నుంచి చుట్టామో ఆ అంచు చివర విప్పుకుంటుంది కదా. నడుం ముందు, ఆ తర్వాత వీపు, భుజాలు, మెడ, అన్నిటికన్నా చివర తల. ఈ మాట నాలుగో పాఠంలో రాశాను, కావాలంటే చూసుకోండి. అయినా దాదాపు అందరూ నాలుగో కౌంట్‌కే తలెత్తేశారు. ఎందుకో వీడియోల్లోనే కనిపిస్తోంది. ఒకమ్మాయి ఫోను రికార్డు అవుతోందో లేదో చూసుకుంది. ఇంకో పాప వంటగది వైపు చూసింది, వాళ్లమ్మ చూస్తోందా లేదా అని. ఒకావిడ జడ ముందుకి పడితే వెనక్కి విసరడానికి తలెత్తారు. అద్దం ఉన్నవాళ్లు అద్దంలోకి చూశారు. పరీక్షలో ఎగ్జామినర్ ముఖం చూసి నవ్వాలి కదా అని ఒకరు అడిగారు. వద్దు, లేస్తున్నంతసేపూ ఎగ్జామినర్‌కి మీ నడినెత్తి కనిపిస్తే చాలు. కూచిపూడి నేర్చుకున్నవాళ్లదైతే ఇంకో గొడవ: వాళ్ల చూపు చేతి వెనకే పోతుంది. యతో హస్తస్తతో దృష్టిః అని చిన్నప్పట్నుంచి వల్లెవేయించారు, నన్నూ వేయించారు. ఇక్కడ చెయ్యి ఏమీ చెప్పడం లేదు, ఊరికే వేలాడుతోంది. దాని వెనక మీ చూపుకి పనిలేదు.

తల ముందెత్తితే ఏమవుతుంది అంటారా? మెడ వెనక్కి విరిగి, కింది పూసలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అక్కణ్ణుంచి శరీరం పలకలా ఒక్క ముక్కగా లేస్తుంది. అప్పటిదాకా మీరు పడ్డ కష్టం కనపడదు. గబుక్కున లేస్తే కళ్లు కూడా తిరుగుతాయి. ఉపాయం ఒకటుంది: గడ్డం కింద చిన్న రుమాలు మడిచి పెట్టుకుని లేవండి. ఎనిమిదో కౌంట్ కన్నా ముందు రుమాలు కింద పడిందంటే తల తొందరపడిందన్నమాట. నేను ఇప్పటికీ అప్పుడప్పుడు ఇలా చేసి చూసుకుంటాను, నాది కూడా పడుతుంది.

పాదాల గురించి ఒక్క మాట. పారలల్ అంటే రెండు పాదాలూ రైలు పట్టాల్లా ముందుకి చూడాలి. సమపాదం (పాదాలు రెండూ కలిపి నిటారుగా నిలబడటం) తెలిసినవాళ్లు దాన్నే రెండు పిడికిళ్లు పట్టేంత ఎడంగా పెట్టండి, అంతే. అరమండి (మోకాళ్లు పక్కలకి మడిచి సగం కూర్చున్నట్టుండే భంగిమ) అలవాటున్నవాళ్లకి మోకాలు మడిచిన వెంటనే పాదాలు వాటంతటవే పక్కలకి తిరిగిపోతాయి. కూచిపూడి ఊరు ఇంత దగ్గర్లో పెట్టుకుని మనకి ఆ జబ్బు రాకుండా ఎలా ఉంటుంది! అది తప్పేం కాదు, టర్న్ అవుట్ (కాళ్లు పక్కలకి తిప్పి చేసే) వ్యాయామాల్లో మీకు అదే కలిసొస్తుంది. కానీ పారలల్ అని చెప్పినప్పుడు పారలలే ఉండాలి. నేల మీద గచ్చు గీతలో, టైల్స్ మధ్య సందులో చూసుకుని వాటి మీద పాదాలు పెట్టండి.

మిగిలిన చోటులో స్వింగ్ మొదలు మాత్రం చెప్తాను. చెయ్యి పక్కకి ఎత్తి వదిలేయండి, శరీరం ముందు నుంచి ఊగి అవతలి పక్కకి వెళ్తుంది. దాన్ని మోసుకెళ్లకండి, పడనివ్వండి. డోరిస్ హంఫ్రీ అనే అమెరికన్ నర్తకి తన పద్ధతి మొత్తాన్ని పడటం, తేరుకోవడం అనే రెండు పనుల మీద కట్టుకుంది. ఆవిడ శిష్యుడు హోసే లిమోన్ 1946లో సొంత నృత్య బృందం పెట్టినప్పుడు గురువుగారినే ఆర్టిస్టిక్ డైరెక్టర్‌గా కూర్చోబెట్టాడు. పరీక్షలో అడుగుతారని చెప్పడం లేదు. నాకు ఆ ముచ్చట ఇష్టం.

లెక్క మాత్రం మనది పనికొస్తుంది. తిశ్రం, అంటే మూడక్షరాల నడక: తకిట. ‘త’ దగ్గర బరువు పడుతుంది, ‘కి’ దగ్గర కింద నుంచి అవతలికి లేస్తుంది, ‘ట’ దగ్గర ఉయ్యాల చివర ఆగినట్టు ఒక్క క్షణం వేలాడుతుంది. ‘తకధిమి’ అనుకుంటూ చేస్తే నాలుగో అక్షరానికి చేతికి పని ఉండదు, దిక్కులు చూస్తూ ఉండిపోతుంది. వన్ టూ త్రీ అనుకున్నా ఒకటే. కానీ తకిట నోటితో పలికితే ఊపిరి కూడా దానితో పాటు సర్దుకుంటుంది, అందుకే నేను దాన్నే వాడతాను. ఎడమ చేత్తో ఎలా అని అడగొద్దు, కుడితో ఎలాగో అలాగే.

నేల సంగతి చాలామంది అడిగారు. మన ఇళ్లలో ఉండేది గ్రానైట్, మార్బుల్ లేదా టైల్స్. కింద సిమెంటు స్లాబు, ఇసుమంతైనా లొంగదు. రోల్ డౌన్, స్వింగ్ వరకూ ఫర్వాలేదు గానీ గెంతులు మాత్రం ఇంట్లో ప్రాక్టీసు చేయకండి. ముంగాళ్ల ఎముకలు నొప్పెడతాయి. జారకుండా ఉంటుందని దుప్పటి పరిచేవాళ్లున్నారు, టైల్స్ మీద దుప్పటే ముందు జారుతుంది. మే నెల బెజవాడలో మధ్యాహ్నం చేస్తే చెమట చుక్కలు నేల మీద పడి పాదం కింద సబ్బులా అవుతాయి. పొద్దున్నే ఐదున్నరకి చేసుకోండి, పక్కన ఒక పాత తువ్వాలు పెట్టుకోండి. మేడ మీద వద్దు, ఆ గరుకుకి అరికాళ్లు ఒలిచిపోతాయి. మొగల్రాజపురంలో మేడ మీద నేర్చుకున్న నా అరికాళ్లే సాక్ష్యం.

ప్రాక్టీసు. గోడ దగ్గర రోల్ డౌన్, 8 కౌంట్లు దిగి 8 లేవడం, నాలుగుసార్లు. తర్వాత గోడ వదిలేసి 16 కౌంట్లలో దిగి 16లో లేవండి. ఆ తర్వాత 32లో. సంగీతం వద్దు, అద్దం వద్దు, ఫోను కూడా వద్దు, లెక్క మీరే పైకి పలకాలి. 32లో దిగేటప్పుడు పదో కౌంట్‌కి ఇంకా భుజాల దగ్గరే ఉన్నారంటే సరిగ్గా వెళ్తున్నారు. ఒక ఊపిరి సరిపోదు. ఆగినచోటే పీల్చుకుని, మళ్లీ వదులుతూ దిగండి. రోజుకి మూడుసార్లు, పది రోజులు. పదకొండో రోజు మాత్రం వీడియో తీయండి, ఫోను మీకు పక్కగా, నడుం ఎత్తులో పెట్టి. ఎదురుగా పెట్టి తీసిన వీడియోలో వీపు కనపడదు కాబట్టి నేను చూడను.