చిప్‌లో రెండు రంగులు కలవనంటే

ద్రవాలు పారించే నా పీడీఎంఎస్ (పారదర్శక సిలికోన్ రబ్బరు) చిప్‌లో కాలువ వెడల్పు 200 మైక్రాన్లు, లోతు 50, పొడవు 2 సెంటీమీటర్లు. నీలం, పసుపు రంగు నీళ్లు పంపితే చివరిదాకా రెండు చారలూ పక్కపక్కనే పోయాయి. మధ్యలో వెంట్రుకంత ఆకుపచ్చ గీత, అంతే. పంపు వేగం పెంచాను. గీత ఇంకా సన్నబడింది! తప్పు నాదే: రేనాల్డ్స్ సంఖ్య (ద్రవం ఊపు దాని జిగటకు ఎన్ని రెట్లో చెప్పేది) 1 కూడా లేని చోట సుడులెక్కడివి? వ్యాపనంతోనే, అంటే అణువులు వాటంతటవే పాకి, కలవాలంటే సుమారు 10 సెకన్లు కావాలి. నిమిషానికి 5 మైక్రోలీటర్ల దగ్గర ద్రవం 2.4 సెకన్లలోనే బయటపడుతోంది. అచ్చు మార్చి, కాలువ అడుగున చేపముల్లులా ఏటవాలు గాట్లు పెట్టాను. ద్రవం మెలికలు తిరిగి మడతలు పడింది. సగం దూరానికే అంతా ఆకుపచ్చ. గాట్లలో బుడగలు ఇరుక్కున్నాయి గానీ, ముందు ఇథనాల్ నింపి తర్వాత నీళ్లు పంపితే వదిలాయి.