ఇంట్లో రికార్డింగ్, 4వ పాఠం: చెవికి తక్కువ వినిపిస్తే గెయిన్ పెంచకండి

ఈ వారం ఈక్వలైజర్ మొదలుపెట్టాలి. అది వచ్చే వారానికి జరిపాను. మీరు పంపిన రికార్డింగులు చాలావాటిలో గొంతు పగిలింది. కారణం అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "హెడ్‌ఫోన్లో సరిగా వినపడలేదండీ, అందుకే గెయిన్ పెంచాం."

ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే డబ్బా) మీది గెయిన్ నాబ్ మైకు నుంచి కంప్యూటర్లోకి వెళ్ళే సౌండుది. కంప్యూటర్ నుంచి మీ చెవికి వచ్చే సౌండుకు వేరే నాబ్ ఉంది, దాని పక్కన హెడ్‌ఫోన్ బొమ్మ ఉంటుంది. డైరెక్ట్ మానిటర్ (మీ గొంతు కంప్యూటర్ దాకా వెళ్ళి రాకుండా నేరుగా మీ చెవికి వచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నప్పుడే అందరూ మోసపోతారు. గెయిన్ తిప్పగానే మీ గొంతు చెవిలో పెద్దదవుతుంది, సమస్య తీరిందనిపిస్తుంది. వెనక వచ్చే ట్రాక్ మాత్రం పెరగదు. దాంతో ఇంకొంచెం తిప్పుతారు. ఈలోగా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో సౌండు ఎంతుందో చూపే మీటరు సున్నా డీబీ తాకుతుంది, అదే పై హద్దు. అక్కడ తెగిపోయిన సౌండును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు. తక్కువగా రికార్డయితే ఆ బాధ లేదు. 24 బిట్‌లో తీసింది మైనస్ 18 డీబీ దగ్గర ఉన్నా తర్వాత హాయిగా పెంచుకోవచ్చు.

కాబట్టి ముందు చెవిని కాదు, మీటరును నమ్మండి. గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 18కి, మైనస్ 12కి మధ్య ఆడుతుంటే మైకు వైపు తప్పు లేదు. మీటరే కదలకపోతే మైకు వైపు చూడాలి. కండెన్సర్ మైకైతే దానికి కరెంటిచ్చే 48 వోల్టుల బటన్ నొక్కారో లేదో కూడా.

మీటరు బాగుండి చెవికి అందకపోతే, మిక్స్ నాబ్ (మీ గొంతు ఎంత, కంప్యూటర్ సౌండు ఎంత వినాలో చెప్పేది) ఉన్నవాళ్ళు అది పూర్తిగా ఇన్‌పుట్ వైపు, అంటే మీ గొంతు వైపే తిరిగి ఉందేమో చూడండి. విండోస్‌లో కాల్ మాట్లాడుతుంటే మిగతా సౌండ్లను అదే 80 శాతం తగ్గించేస్తుంది. కంట్రోల్ ప్యానెల్, సౌండ్, కమ్యూనికేషన్స్‌లోకి వెళ్ళి 'డూ నథింగ్' పెట్టండి. నేనైతే విండోస్ వాల్యూమ్ 100లోనే ఉంచి, ఎక్కువ తక్కువలన్నీ ఇంటర్‌ఫేస్ నాబ్‌తోనే చూసుకుంటాను. హెడ్‌ఫోన్ ఓమ్‌లు ఎక్కువైతే దాన్ని మోగించడం కష్టం: 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ను యూఎస్‌బీ కరెంటుతో నడిచే చిన్న ఇంటర్‌ఫేస్ గట్టిగా మోగించలేకపోవచ్చు. ఇంట్లో పనికి 32 నుంచి 80 ఓమ్‌లవే నాకిష్టం.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో, హెడ్‌ఫోన్ చిన్న పిన్నును ఇంటర్‌ఫేస్‌కు పట్టించే పెద్ద పిన్ అడాప్టర్ కొనేటప్పుడు దాని మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండుంటే స్టీరియో. ఒక్కటే ఉంటే మోనో, కుడి ఛానల్ పోతుంది.

అభ్యాసం: రాత్రి ట్రాఫిక్ తగ్గాక, ఫ్యాన్ ఆపి, పేపర్లో ఏదో ఒక వార్త మూడుసార్లు చదివి రికార్డ్ చేయండి. గెయిన్ మార్చుకుంటూ, మీటరు ఒకసారి మైనస్ 24, ఒకసారి మైనస్ 18, ఒకసారి మైనస్ 12 దగ్గర ఉండాలి. తర్వాత గెయిన్ ముట్టుకోకుండా, హెడ్‌ఫోన్ నాబ్‌తోనే మూడూ ఒకే మోతాదులో వినిపించేలా సరిచేయండి. ఒక్కోసారి నాబ్ ఎక్కడుందో రాసుకోండి. ఇలా సరిచేసేటప్పుడు గెయిన్ కదిలిందా, మొదటి నుంచి మళ్ళీ చేయండి. మూడు ఫైళ్ళూ, ఆ కాగితం ఫొటో నాకు పంపండి.