కొత్త జాతి కప్పను రూపంతో, అరుపుతో ఎలా గుర్తించాలి?

వాన వెలిసిన రాత్రి నీటిగుంట పక్కన నిలబడితే బెకబెకలన్నీ కలిసి ఒకటే హోరు. లైటు ఆపేసి పది నిమిషాలు కదలకుండా ఉండండి. ఆ హోరు మెల్లగా విడిపోతుంది. ఒకటి గరగరమని సాగదీస్తుంది, ఒకటి టిక్ టిక్ మంటుంది, గడ్డిలోంచి సన్నగా ఈల లాంటిది వస్తుంది. కొత్త కప్పను వెతికే పని చాలాసార్లు ఇక్కడే, చెవితోనే మొదలవుతుంది.

కప్పలు తమ జాతిని తాము పోల్చుకునేదీ ఎక్కువగా ఇలాగే. అరిచేది దాదాపుగా మగకప్పే. చీకట్లో ఆడకప్ప ఆ అరుపు విని తన జాతి మగకప్ప దగ్గరికి వెళుతుంది. అందుకే చూడడానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు కప్పలు వేర్వేరుగా అరుస్తున్నాయంటే, అవి రెండు జాతులేమోనని గట్టిగా అనుమానించాలి. ఉత్తర అమెరికాలో బూడిదరంగు చెట్టుకప్పలు రెండున్నాయి: హైలా వెర్సికలర్, హైలా క్రిసోసెలిస్. మొదటిదానికి 48 క్రోమోజోములు, రెండోదానికి 24. చేతిలో పెట్టుకుని చూసినా ఏది ఏదో చెప్పలేం. అరిస్తే మాత్రం తెలిసిపోతుంది. ఒకే వేడిమిలో వింటే రెండోదాని గరగర దాదాపు రెట్టింపు వేగంగా ఉంటుంది.

ముందు పాతవాటిని నేర్చుకోండి

ప్రపంచంలో ఇప్పటికే 7,500కు పైగా కప్ప జాతులకు పేర్లున్నాయి. మీకు తెలియనంత మాత్రాన అది కొత్త జాతి అయిపోదు. మీరు తిరిగే ప్రాంతంలో ఉన్న కప్పలన్నిటి జాబితా రాసుకోండి. ఆంఫిబియావెబ్ లాంటి వెబ్‌సైట్లలో ఫొటోలు, కొన్నిటికి అరుపులు కూడా దొరుకుతాయి. ఒక వానాకాలమంతా వాటిని వినడానికే కేటాయించండి. ఇది విసుగు పని కాదు, పునాది. తెలిసిన పది గొంతులు చెవికి అలవాటైతే పదకొండోది దానంతటదే వేరుగా వినిపిస్తుంది.

అరుపును రికార్డు చేయడం

మీరు దగ్గరికి వెళ్లగానే కప్ప నోరు మూసుకుంటుంది. టెన్షన్ పడకండి, ఉన్నచోటే కూర్చోండి. ముందు దూరంగా ఒకటి మొదలుపెడుతుంది, తర్వాత ఇంకొకటి, కాసేపటికి మీ ముందున్నది కూడా అందుకుంటుంది. సుమారు మీటరు దూరంలో మైకు పట్టుకుని రెండు మూడు నిమిషాలు ఆపకుండా రికార్డు చేయండి. ఫైలు వేవ్ రూపంలో ఉండాలి. ఎంపీ3లో సైజు తగ్గించడం కోసం శబ్దంలో కొంత తీసేస్తారు, కొలతలకు అది పనికిరాదు.

రికార్డింగ్ చివర తేదీ, సమయం, చోటు, కప్ప నంబరు, గాలి వేడిమి, నీటి వేడిమి మీ నోటితోనే చెప్పండి. వేడిమి ఎందుకంటే, కప్ప ఒంటి వేడి చుట్టూ ఉన్న వాతావరణాన్ని బట్టి మారుతుంది. చలిగా ఉంటే అరుపు లయ నెమ్మదిస్తుంది, వెచ్చగా ఉంటే వేగం అందుకుంటుంది. ఇందాక చెప్పిన చెట్టుకప్పల్లో కూడా చలిరాత్రి అరిచే వేగవంతమైన జాతి, వెచ్చని రాత్రి అరిచే నెమ్మది జాతిలా వినిపించగలదు. వేడిమి రాయని రికార్డింగ్ సగం పనికే వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, అరిచిన కప్పను కంటితో చూడడం. గొంతు కింది తిత్తి బుడగలా ఉబ్బడం, ఆ ఉబ్బుతో పాటే శబ్దం రావడం చూశాకే ఇది దీని అరుపని రాసుకోండి. ఒకదాని గొంతు, పక్కదాని ఫొటో కలిపేయడం చాలా సులువుగా జరిగే పొరపాటు. కప్ప కనిపించకపోతే ఇద్దరు చెరోవైపు నుంచి శబ్దం వచ్చే దిక్కుకు టార్చి చూపండి, వెలుగులు కలిసినచోట వెతకండి. పపువా న్యూ గినియాలో 7.7 మిల్లీమీటర్ల పీడోఫ్రైనీ అమావెన్సిస్ అనే బుల్లి కప్ప కూడా గొంతు వల్లే దొరికింది. పురుగు కూతలా ఉన్న శబ్దం ఎక్కడిదో తెలియక, అది వస్తున్నచోట రాలిన ఆకులను సంచిలోకి ఎత్తి, ఒక్కో ఆకూ తీసి చూశారు. 2012లో దానికి పేరు పెట్టారు.

ఇంటికొచ్చాక అడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ తెరవండి. శబ్దం అక్కడ బొమ్మలా కనిపిస్తుంది. ఒక్కో అరుపు ఎంతసేపుంది, అందులో ఎన్ని ముక్కలున్నాయి, సెకనుకు ఎన్ని కొట్టుళ్లు (టక్ టక్ మనే చిన్న దెబ్బలు), ఏ హెర్ట్జ్ (గొంతు సన్ననిదో బొంగురుదో చెప్పే కొలత) దగ్గర బలంగా ఉంది, ఇవి కొలవండి. పెద్ద కప్ప గొంతు సాధారణంగా బొంగురుగా ఉంటుంది కాబట్టి ఒక్కదాన్ని చూసి నిర్ణయానికి రావద్దు, వీలైనన్ని మగకప్పలవి తీసుకోండి. ఇంకో మాట: ఆడకప్పను పిలిచే అరుపు వేరు, పక్క మగకప్పను బెదిరించే అరుపు వేరు, పట్టుకుంటే విడిపించుకోడానికి అరిచేది వేరు. పిలుపును పిలుపుతోనే పోల్చాలి.

రూపం చూడడం

కప్ప చర్మం నీటిని, గాలిని పీల్చుకుంటుంది. దోమల క్రీము రాసిన చేతితో ముట్టుకోవద్దు. శుభ్రమైన, తడి చేతులతో పట్టుకోండి, పని త్వరగా ముగించి దొరికినచోటే వదలండి.

రంగును నమ్ముకోవద్దు. చాలా కప్పల్లో పగలు ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది, ఒకే జాతిలో నాలుగు రకాలుగానూ ఉండొచ్చు. ఒడ్డూ పొడవూ, ఆకారం చూడండి. ముక్కు కొన నుంచి మలద్వారం దాకా పొడవును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. కంటి వెనక గుండ్రని చెవిపొర కనిపిస్తోందా, అది కంటి సైజులో ఎన్నో వంతుంది? వేళ్ల చివర బిళ్లలున్నాయా? వెనక కాలివేళ్ల మధ్య పొర ఏ కణుపు దాకా వచ్చింది? వీపుకు రెండువైపులా చర్మం మడతలున్నాయా? పాదం కింద పారలాంటి గట్టి బొడిపె ఉంటే అది మట్టి తవ్వే కప్ప కావచ్చు. కాలు చాపినప్పుడు మాత్రమే కనిపించే తొడ లోపలి మచ్చలు, గజ్జల రంగు చాలామంది ఫొటో తీయరు. నా ఉద్దేశంలో వీపు ఫొటో కంటే ఇవే ఎక్కువ చెబుతాయి. పొట్ట, పక్క, అరచేయి, పాదం కూడా స్కేలు పక్కన పెట్టి తీయండి.

అనుమానం బలపడితే

ముందు మీ అనుమానాన్ని మీరే పడగొట్టాలని చూడండి. ఇది తెలిసిన జాతి పిల్లకప్పా? ఆడకప్పా? వేరే ప్రాంతపు రకమా? అన్నీ దాటి నిలబడితే రికార్డింగులు, ఫొటోలు, కొలతలు మ్యూజియంలోనో విశ్వవిద్యాలయంలోనో కప్పల మీద పనిచేసే శాస్త్రవేత్తకు పంపండి. కప్పను మీరు పట్టి దాచుకోవద్దు, దానికి ప్రభుత్వ అనుమతి కావాలి. డీఎన్‌ఏ పరీక్ష, మ్యూజియంలో భద్రపరిచే నమూనా, శాస్త్ర పత్రికలో వివరణ, ఇవి వాళ్లు చేసే పని. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వెళ్లేముందు బూట్లు కడిగి, క్రిమిసంహారకం వేసి ఆరబెట్టండి. కప్పలకు జబ్బు తెచ్చే కైట్రిడ్ బూజు తడి బురదతో పాటు ప్రయాణిస్తుంది, ఎన్నో కప్ప జాతులను అంతరించిపోయేలా చేసింది అదే.

నోట్సు పారేయకండి. న్యూయార్క్ చుట్టుపక్కల మచ్చల కప్పల్లో మూడో జాతి ఒకటుందని కార్ల్ కౌఫెల్డ్ అనే కప్పలు, పాముల నిపుణుడు 1930లలోనే అన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. దశాబ్దాల తర్వాత న్యూయార్క్‌లోనే ఉన్న స్టాటెన్ ఐలాండ్‌లో ఒక పరిశోధకుడికి అక్కడి మచ్చల కప్పల అరుపు తేడాగా వినిపించింది. పక్క జాతులు అరుపులను వరుసగా సాగదీస్తుంటే, ఇది ‘చక్’ అని ఒక్కసారి కొట్టి ఆపేస్తోంది. డీఎన్‌ఏ కూడా అదే మాట చెప్పింది. 2014లో ఆ కప్పకు రానా కౌఫెల్డి అని పేరు పెట్టారు.