పెద్దల యానిమేషన్ సిరీస్‌ను పిల్లలకు చూపించొచ్చా లేదా, ఎలా తేల్చుకోవాలి?

తెర మీద బొమ్మలు కనిపిస్తే చాలు, పిల్లల కోసమేలే అనుకుని మన పని మనం చూసుకుంటాం. కానీ పెద్దవాళ్ల కోసమే తీసిన యానిమేషన్ సిరీస్‌లు ఓటీటీల్లో బోలెడున్నాయి. కొన్ని నవ్విస్తూ మొదలై, 'అసలు ఎందుకు బతకాలి' అనే ప్రశ్న దగ్గరికి తీసుకెళ్తాయి. అవి చెడ్డవని నేననను. మంచివి చాలా గొప్పగా ఉంటాయి. ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లాడో, ఇంటర్ చదివే అమ్మాయో చూస్తానంటే ఏం చేయాలన్నదే ప్రశ్న. ఉదాహరణకు బోజాక్ హార్స్‌మన్‌ను తీసుకుందాం. 2014లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలై 2020లో ముగిసింది. ఒకప్పుడు టీవీలో వెలిగిన నటుడు, అది కూడా ఒక గుర్రం, తాగుడులో, ఒంటరితనంలో కూరుకుపోయే కథ.

ముందు గుర్తు చూడండి

2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు ప్రతి సిరీస్‌కూ యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అనే గుర్తుల్లో ఒకటి ఇవ్వాలి. బూతులో, హింసో, మత్తుమందులో, ఏమున్నాయో కూడా చెప్పాలి. 13+, ఆపైవాటికి పేరెంటల్ లాక్ ఉండాలి. బోజాక్‌కు అమెరికాలో ఇచ్చిన రేటింగ్ టీవీ-ఎంఏ, అంటే 17 ఏళ్ల లోపు వాళ్లకు తగకపోవచ్చని. అయితే ఈ గుర్తు బూతుల సంగతి చెప్పినంత బాగా దుఃఖం బరువు సంగతి చెప్పదు.

మీరు ఒక్కరే చూడండి, అదీ మొదటి ఎపిసోడ్ ఒక్కటే కాదు

మొదటి ఎపిసోడ్ చూసి 'పర్లేదు, జోకులే ఉన్నాయి' అనుకుంటే మోసపోతాం. ఇలాంటి సిరీస్‌ల అసలు బరువు మధ్యలో, చివరి ముందు ఎపిసోడ్లలో ఉంటుంది. బోజాక్‌లో మూడో సీజన్ 11వ ఎపిసోడ్ చూడండి. మత్తు మానేసిన అమ్మాయిని బోజాక్ మళ్లీ అందులోకి లాగుతాడు, ఆమె ప్రాణం పోతుంది. ఆరో సీజన్ 15వ ఎపిసోడ్‌లో ఈతకొలనులో మునిగిపోతూ, చనిపోయినవాళ్లతో విందుకు కూర్చున్నట్టు కలగంటాడు. ఈ రెండూ చూస్తే మీకే తెలుస్తుంది.

చూసేటప్పుడు బూతులు లెక్కపెట్టకండి. బూతులు మన పిల్లలు బస్టాండులోనూ వింటారు. నా దృష్టిలో అడగాల్సినవి వేరే ఉన్నాయి. చేసిన తప్పుకు ఫలితం చూపించారా, లేక అది స్టైల్‌గా కనిపించిందా? బాధలో ఉన్నవాడి పక్కన నిలబడే మనిషి ఒక్కరైనా కథలో ఉన్నారా? ఆత్మహత్యను ఎలా చేసుకున్నారో వివరంగా చూపించారా? అలా చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమావాళ్లకు ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా ఉంది. అలాంటి సీన్ ఉంటే స్కూలు పిల్లలకు వద్దనే నేనంటాను.

తర్వాత మీ పిల్లల్ని చూడండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వయసు ఒక్కటే కొలత కాదు. పదిహేనేళ్లకే ఇలాంటివి చూసి చక్కగా మాట్లాడే పిల్లలుంటారు, పద్దెనిమిదేళ్లకూ తట్టుకోలేనివాళ్లుంటారు. హనుమకొండ హాస్టళ్లలో ఉండి ఇంటర్ చదివే పిల్లల సంగతి మనకు తెలియనిది కాదు. పొద్దున లేచింది మొదలు మార్కులు, ర్యాంకులు. బోజాక్ నాలుగో సీజన్ ఆరో ఎపిసోడ్‌లో లేచిన దగ్గర్నుంచి తనను తానే తిట్టుకునే గొంతు వినిపిస్తుంది. అలాంటి గొంతు ఇప్పటికే తలలో తిరుగుతున్న పిల్లకు అది 'నాలాంటివాళ్లున్నారు' అన్న ధైర్యమూ ఇవ్వొచ్చు, గాయాన్ని కెలకనూ వచ్చు. అందుకే పరీక్షలకూ రిజల్ట్స్‌కూ మధ్య, ఇంట్లో చావు జరిగిన కొత్తలో, నిద్ర తిండి తగ్గినప్పుడు మొదలుపెట్టొద్దు.

'బతకాలని లేదు' అన్న మాట ఎప్పుడు విన్నా సిరీస్ సంగతి పక్కనపెట్టండి. పిల్లను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్యులు ఉంటారు.

చూపించాలనుకుంటే పక్కన కూర్చోండి

రోజుకు ఒక్క ఎపిసోడే. ఆటోప్లే ఆపేయండి, లేకపోతే మాట్లాడుకునే లోపే తర్వాతిది మొదలవుతుంది. అయిపోయాక పాఠం చెప్పకండి. "పెద్ద ఇల్లుంది, పైసలున్నయ్, మరి గా గుర్రం ఎందుకట్ల తాగుతది?" అని పిల్లలు అడిగారనుకోండి. జవాబు వెతకక్కర్లేదు. "నీకేమనిపిస్తుంది బిడ్డా?" అని అడిగి ఊరుకోండి. వాళ్ల నోటి నుంచి వచ్చేదాన్ని బట్టే తర్వాతి ఎపిసోడ్ ఉండాలో లేదో తేలుతుంది.

రీల్స్ సంగతి కూడా అడగండి. చాలామంది పిల్లలకు ఇలాంటి సిరీస్‌లు మొదట తెలిసేది అక్కడే. బాధగా ఉన్న డైలాగు ముక్క, వెనక మ్యూజిక్, అంతే. దాని ముందూ వెనకా ఏముందో తెలియదు. ఆ ముక్క ఏ సందర్భంలోదో చెబితే సగం పని అయినట్టే.

వద్దనుకుంటే సూటిగా చెప్పండి

పిల్లల ప్రొఫైల్‌లో వయసు పరిమితి పెట్టి, ఆ సిరీస్ పేరు బ్లాక్ చేసి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. కానీ చెప్పకుండా తాళం వేస్తే స్నేహితుల ఫోన్‌లో చూస్తారు, అప్పుడు అడగడానికి మన దగ్గరికి రారు. ఎందుకు వద్దో చెప్పండి, ఎప్పుడో కూడా చెప్పండి. "పదో తరగతి పరీక్షలు అయినంక, ఎండాకాలం సెలవుల్ల ఇద్దరం కూసొని చూద్దాం" అంటే పిల్లలు చాలావరకు ఒప్పుకుంటారు. సెలవులొచ్చాక వాళ్లు గుర్తుచేసే దాకా ఆగకుండా మీరే కదిలించండి.