ఐసింగ్ పాడైతే తప్పు మిక్సర్‌దా, మనదా?

క్రీమ్ కొట్టే మిక్సర్ కొందామనుకునేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని వాట్లది తీసుకోవాలి?" అనే. కేక్ మీద రాసే ఐసింగ్ వరకైతే దానికి జవాబు చివర్లో చెప్తాను, ఎందుకంటే అంతకంటే ముందు తేలాల్సింది ఇంకోటుంది: ఇప్పుడు మీ గిన్నెలో ఐసింగ్ ఏ రకంగా చెడిపోతోంది? పల్చగా ఉండిపోతోందా, విరిగిపోతోందా, బుడగలొస్తున్నాయా, లేక మోటారే కాలిపోయేలా ఉందా? వీటిలో కొన్ని ఎంత ఖరీదైన మిక్సర్ కొన్నా పోవు, ఫ్రిజ్‌తోనో జల్లెడతోనో పోతాయి. కొన్నిటికి మాత్రం మిషన్ మార్చాల్సిందే. ఏది ఏ రకమో తెలియకుండా కొంటే పాత సమస్యే కొత్త గిన్నెలోకి వస్తుంది.

మిక్సీ జార్‌లో తిప్పితే క్రీమ్ కాస్తా వెన్నయింది

ఇది నేను స్వయంగా చేసిన ఘనకార్యం. మొదటిసారి కేక్ చేసిన రోజు ఇంట్లో బీటర్ లేదు, మిక్సీ ఉంది కదా, తిరిగేది ఏదైతేనేం అని క్రీమ్‌ని జార్‌లో పోసేశాను. కాసేపు తిప్పి మూత తీస్తే పాలలాగే ఉంది. ఇంకో ఇరవై సెకన్లు తిప్పి మళ్లీ తీస్తే లేత పసుపు ముద్దలు, వాటి చుట్టూ పల్చటి నీళ్లు. మధ్యలో రావాల్సిన మెత్తటి క్రీమ్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

జార్‌లో ఉండే బ్లేడు నిమిషానికి పదిహేను, ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. దాని పని కోయడం. క్రీమ్‌కి కావాల్సింది గాలి. తీగల విస్క్ తిరిగేటప్పుడు గాలిని చిన్న చిన్న బుడగలుగా లోపలికి లాక్కెళ్తుంది, క్రీమ్‌లోని కొవ్వు రేణువులు ఆ బుడగల చుట్టూ చేరి ఒకదానికొకటి అతుక్కుని గోడలా నిలబడతాయి. అతుక్కోవడం మరీ ఎక్కువైతే అదే వెన్న. బ్లేడు ఆ రెంటికీ మధ్య మనకి టైమ్ ఇవ్వదు, పైగా రాపిడికి జార్ వేడెక్కుతుంది కూడా.

ఇంకా ముద్దలు కట్టలేదు, కొంచెం గరుకుగా మారింది అంతే అనిపిస్తే, కొట్టని చల్లటి క్రీమ్ ఒకట్రెండు చెంచాలు పోసి మిషన్ పక్కనపెట్టి స్పాచులాతో మెల్లగా కలపండి, చాలావరకు దారికొస్తుంది. నీళ్లు విడిపోయాక మాత్రం ఏం చేసినా వెనక్కి రాదు, వెన్నగా వాడుకోవడమే. అలాగని మిక్సీని మరీ తీసిపారేయొద్దు, పంచదార పొడి చేసుకోవడానికి దాన్ని మించింది లేదు. ఆ పొడిని జల్లించడం మాత్రం మర్చిపోకండి.

ఎంతసేపు కొట్టినా క్రీమ్ చిక్కబడట్లేదు

మిక్సర్‌లో పవర్ లేదని తిట్టుకునే ముందు మూడు విషయాలు చూసుకోండి.

మొదటిది చల్లదనం. కొవ్వు గట్టిగా ఉంటేనే బుడగని పట్టుకుని నిలబెడుతుంది, మెత్తబడితే జారిపోతుంది. క్రీమ్ 4, 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, అంటే ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినట్టు. వంటగది వేడిగా ఉంటే గిన్నెని, విస్క్‌ని కూడా పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. ఇదొక్కటీ చేస్తే చాలామందికి కొత్త మిక్సర్ అవసరమే ఉండదు.

రెండోది ప్యాకెట్ మీద కొవ్వు శాతం. పాల క్రీమ్ అయితే కనీసం 30 శాతం ఉండాలి, 35 ఉంటే హాయి. 25 శాతం క్రీమ్‌ని గంటసేపు కొట్టినా నురగ వస్తుందే తప్ప నిలబడదు. నాన్-డైరీ (పాలతో చేయని) క్రీమ్ గడ్డకట్టి ఉంటే దాన్ని ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి, తొందరపడి వేడి చేయకూడదు.

మూడోది గిన్నె సైజు, ఇది నిజంగా మిషన్ సమస్యే. బల్ల మీద నిలబడి తనే తిప్పుకునే, అయిదు లీటర్ల గిన్నె ఉన్న పెద్ద స్టాండ్ మిక్సర్‌లో ఒక గ్లాసు క్రీమ్ పోస్తే అది అడుగున పల్చగా పరుచుకుంటుంది, విస్క్ దాని పైపైన తిరుగుతుంటుంది. చిన్న పరీక్ష ఒకటి చేయండి. శుభ్రంగా కడిగిన నాణెం ఒకటి ఖాళీ గిన్నెలో వేసి, ఫ్లాట్ బీటర్ (తీగలది కాకుండా బల్లపరుపుగా ఉండేది) బిగించి, అన్నిటికంటే తక్కువ స్పీడులో తిప్పి చూడండి. బీటర్ వచ్చిన ప్రతిసారీ నాణెం ఓ సెంటీమీటరు అలా జరిగితే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. అసలు కదలకపోతే బీటర్ మరీ పైన ఉంది, గిన్నెంతా ఈడ్చుకుపోతుంటే మరీ కింద ఉంది. చాలా మోడళ్లలో తల వంగే చోట గానీ గిన్నె తగిలించే చోట గానీ ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ సరిచేసుకోవచ్చు. స్క్రూ లేని మోడల్ అయితే తక్కువ క్రీమ్ పని దానితో పెట్టుకోకండి.

ఎప్పుడో ఓసారి ఒక చిన్న కేక్ చేసేవాళ్లకి నేను స్టాండ్ మిక్సర్ వద్దంటాను. లోతుగా, ఇరుకుగా ఉండే స్టీల్ గిన్నె, చేత్తో పట్టుకునే హ్యాండ్ మిక్సర్ ఒకటి చాలు. క్రీమ్ తక్కువైతే గిన్నెని ఒక వైపు వంచి పట్టుకోవచ్చు, ఆ సౌకర్యం పెద్ద మిషన్‌లో లేదు.

స్విచ్ వేయగానే పంచదార పొడి మొహం నిండా

బటర్, పంచదార పొడి కలిపి కొట్టే బటర్‌క్రీమ్ చేసేవాళ్లందరికీ ఈ అభిషేకం ఒక్కసారైనా జరిగే ఉంటుంది. కొంత మన తొందర, పొడి అంతా ఒకేసారి వేసేయడం. దాన్ని మూడు నాలుగు విడతలుగా వేస్తూ, మిషన్ ఆన్ చేసే ముందు స్పాచులాతో ఓసారి కలిపి, గిన్నె మీద తడి బట్ట కప్పితే తగ్గుతుంది.

అవన్నీ చేసినా ఎగురుతుంటే మాత్రం తప్పు మిషన్‌దే. చాలా హ్యాండ్ మిక్సర్లలో 1 అని రాసి ఉన్నదే తుఫాను స్పీడు. డబ్బా మీద 7 స్పీడ్లు, టర్బో అని పెద్దక్షరాలతో ఉంటుంది గానీ, మొదటి స్పీడు ఎంత నెమ్మదో ఎక్కడా రాయరు. ఐసింగ్‌కి అదే అన్నిటికంటే ముఖ్యం అని నా గట్టి అభిప్రాయం. పొడి కలపడం, రంగు కలపడం, చివర్లో బుడగలు పోగొట్టడం, క్రీమ్ గట్టిపడే ఆఖరి నిమిషంలో అదుపు తప్పకుండా చూసుకోవడం, ఇవన్నీ జరిగేది నెమ్మది స్పీడులోనే. టర్బో బటన్ నేను ఐసింగ్‌కి వాడిన గుర్తు లేదు.

అందుకే కొనేటప్పుడు ప్లగ్ పెట్టి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. 1లో పెట్టినప్పుడు తిరుగుతున్న తీగలు విడివిడిగా కంటికి కనిపించాలి. ఆన్ చేయగానే చెయ్యి కుదుపుకు గురైతే, తీగలన్నీ కలిసిపోయి ఒక మసక గోళంలా కనిపిస్తే అది వెనక్కి పెట్టేయండి. మెల్లగా మొదలై వేగం అందుకునే సాఫ్ట్ స్టార్ట్ ఉన్నవి కొన్ని వస్తాయి, అలాంటివి దొరికితే మరీ మంచిది. ఇంట్లో ఇప్పటికే తుఫాను మిక్సర్ ఉంటే, మొదటి నిమిషం స్విచ్ వేయకుండా బీటర్లని చేత్తోనే గరిటెలా తిప్పండి.

బటర్‌క్రీమ్ నిండా గాలి బుడగలు, కేక్ మీద రాస్తే చిల్లులు

కారణం తీగల విస్క్. క్రీమ్‌కి, తెల్లసొనకి అది దేవుడిచ్చిన వరం, బటర్‌కి మాత్రం అవసరానికి మించి గాలి పట్టిస్తుంది. స్టాండ్ మిక్సర్ ఉంటే ఫ్లాట్ బీటర్ వేయండి, బాగా తెల్లబడేదాకా నాలుగైదు నిమిషాలు మధ్యస్తంగా కొట్టి, చివరి రెండు మూడు నిమిషాలు అన్నిటికంటే తక్కువ స్పీడులో వదిలేయండి. హ్యాండ్ మిక్సర్‌తో అయితే చివరి పని చేత్తోనే: స్పాచులాతో క్రీమ్‌ని గిన్నె గోడకేసి అదుముతూ లాగుతుంటే బుడగలు చిటపటమని పగలడం వినిపిస్తుంది. చెయ్యి నొప్పెడుతుంది, అయినా ఫలితం ఉంటుంది.

హ్యాండ్ మిక్సర్ కొంటే రెండు రకాల బీటర్లు ఉన్నది చూడండి. సన్న తీగల బెలూన్ విస్క్ ఒకటి, వెడల్పు పట్టీల బీటర్ ఒకటి. పిండి కలిపే హుక్ కూడా ఇస్తారు, ఐసింగ్‌కి దానితో పని లేదు.

బటర్‌క్రీమ్ విరిగినట్టు, లేదా చారులా అయింది

ఇక్కడ మిషన్ నిర్దోషి. విరిగినట్టు కనిపిస్తే చల్లదనం ఎక్కువైంది, చారులా ఉంటే వేడి ఎక్కువైంది. బటర్ 18 నుంచి 20 డిగ్రీల దగ్గర, వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలు లోపలికి దిగిపోకూడదు. చారులా ఉంటే గిన్నెతో సహా ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టండి. విరిగినట్టుంటే అందులోంచే కొంచెం బటర్‌క్రీమ్ తీసి కరిగించి, మిషన్ తిరుగుతుండగా తిరిగి పోయండి. మొదట ఇంకా ఘోరంగా కనిపిస్తుంది, కంగారుపడకుండా రెండు నిమిషాలు ఆగండి.

క్రీమ్ చీజ్ ఐసింగ్ సంగతి వేరు, దాన్ని ఎక్కువ కొడితే పల్చబడుతుంది, ఇంకా కొడితే ఇంకా పల్చబడుతుంది. ముందు బటర్, పంచదార కొట్టేసి, చల్లటి క్రీమ్ చీజ్ చివర్లో వేసి కలవగానే ఆపేయాలి.

మోటార్ వేడెక్కి వాసన వస్తోంది

కొత్త మిషన్ అయితే మొదటి ఒకట్రెండు సార్లు కొద్దిగా వాసన రావచ్చు, లోపలి చుట్టల మీది పూత వేడెక్కడం వల్ల. పొగ వస్తే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయండి.

వాడుతున్న మిషన్‌కి వాసన వస్తే రెండే అనుమానాలు. ఒకటి, ఫ్రిజ్‌లోంచి తీసిన రాయిలాంటి బటర్‌ని నేరుగా వేశారు. రెండు, ఆపకుండా ఎక్కువసేపు నడిపారు. మిక్సర్ అడుగున చిన్న ప్లేటు ఉంటుంది, దాని మీద కేబీ (KB) అని పక్కన నిమిషాలు రాసి ఉంటే, ఒక్క విడతలో అంతసేపే నడపాలని అర్థం. చాలా హ్యాండ్ మిక్సర్లకి అది అయిదు నిమిషాల చుట్టుపక్కలే ఉంటుంది. ఆ తర్వాత చల్లారేదాకా ఆపాలి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. విప్పింగ్ క్రీమ్‌కి మూడు నుంచి అయిదు నిమిషాలు, హ్యాండ్ మిక్సర్‌తో సరిపోతుంది. స్విస్ మెరింగ్ బటర్‌క్రీమ్ అయితే తెల్లసొన, పంచదార కలిపి 71 డిగ్రీల దాకా వేడిచేసి, గిన్నె పూర్తిగా చల్లబడేవరకు కొట్టాలి. ఒక్క ఆ పనికే పది, పదిహేను నిమిషాలు పడుతుంది, బటర్ ఇంకా మొదలే కాలేదు. అలాంటివి తరచూ చేసేవాళ్లకి స్టాండ్ మిక్సర్ విలాసం కాదు, అవసరం. అప్పుడు కూడా బీటర్ తన చుట్టూ తాను తిరుగుతూ గిన్నె చుట్టూ కూడా తిరిగే ప్లానెటరీ రకమే తీసుకోండి, లేకపోతే అంచున అంటుకున్నది అంచునే ఉండిపోతుంది.

తెల్లసొన పొంగట్లేదు

జిడ్డు. గిన్నెలోనో, విస్క్ మీదో, లేక సొనలో కలిసిన పచ్చసొన చుక్కలోనో ఉంటుంది. ప్లాస్టిక్ గిన్నె ఎంత కడిగినా జిడ్డు పట్టుకునే ఉంటుంది కాబట్టి స్టీల్ గానీ గాజు గానీ వాడండి, నిమ్మరసం అద్దిన బట్టతో ఓసారి తుడవండి. గిన్నె ప్లాస్టిక్‌ది ఇచ్చే స్టాండ్ మిక్సర్లని నేను ఈ ఒక్క కారణంతోనే పక్కన పెడతాను.

తెల్లటి ఐసింగ్‌లో బూడిద రంగు చారలు

బీటర్ అల్యూమినియందై ఉంటుంది. పూత లేని అల్యూమినియాన్ని డిష్‌వాషర్‌లో వేస్తే పైన నల్లటి పొర వస్తుంది, అదే ఐసింగ్‌లోకి దిగుతుంది. తెల్ల బట్టతో తుడిచి చూడండి, బట్ట నల్లబడితే దొంగ దొరికినట్టే. స్టీల్‌ది గానీ పూత ఉన్నది గానీ తెచ్చుకోండి, అల్యూమినియందే వాడాల్సొస్తే చేత్తో కడిగి వెంటనే ఆరబెట్టండి.

ఇక వాట్ల సంగతి

వాట్లు చెప్పేది మిషన్ ఎంత కరెంటు తీసుకుంటుందన్నది, గిన్నెలోకి ఎంత బలం చేరుతుందన్నది కాదు. గేర్లు ఎలాంటివి, మోటార్ ఎలాంటిది అన్నదాన్ని బట్టి 300 వాట్లది 600 వాట్ల దానికంటే నిలకడగా తిరగొచ్చు. ఐసింగ్ మాత్రమే అయితే హ్యాండ్ మిక్సర్‌లో 250, 300 వాట్లు ధారాళంగా సరిపోతాయి. రొట్టె పిండి కూడా అందులోనే పిసుకుదామనుకుంటే అది వేరే కొనుగోలు, వేరే లెక్క.

కొనేముందు చేత్తో పట్టుకుని అయిదు నిమిషాలు గాల్లో ఉంచి చూడండి, బరువు అప్పుడు తెలుస్తుంది. వైరు స్టవ్ పక్కనుంచి కాకుండా మీ ప్లగ్ దాకా అందుతుందో చూసుకోండి. స్టాండ్ మిక్సర్ అయితే రెండో గిన్నె విడిగా అమ్ముతారా అని అడగండి. బటర్ అంటిన గిన్నెని కడిగి, తుడిచి, జిడ్డు పోయిందా లేదా అని అనుమానపడుతూ మళ్లీ తెల్లసొన పోసేసరికి, సగం ఐసింగ్ రాసిన కేక్ బల్ల మీద ఎదురుచూస్తూ ఉంటుంది.